కిలో మట్టితో కాలేజీ సెలవులు

మే నెలలో సెలవులు గడపడానికి చంద్రపూర్ వెళ్ళినవాళ్ళు ఈ భూమ్మీద మేమే అయి ఉంటాం. ఆ నెలలో ఆ ఊరి మనుషులే ఎటైనా పారిపోవాలని చూస్తారు. మధ్యాహ్నం కాకులు నోరు తెరుచుకుని నీడన కూర్చుంటాయి తప్ప అరవవు. అలాంటి ఊళ్ళో ఒక ఆడపిల్లల కాలేజీ వాళ్ళు, ఎండాకాలం హాస్టలు ఖాళీగా ఉంటుంది కదా అని, పల్లెటూరి ఆడవాళ్ళకు ఐదు రోజుల 'చదువుల సెలవు' పెట్టారు. తిండీ పడకా వాళ్ళవే. పొద్దున పాఠాలు, సాయంత్రం ఊరు తిరగడం.

కోర్పనా తాలూకాలో, తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది మా ఊరు. మా పొదుపు సంఘం నుంచి నలుగురు రావచ్చన్నారు. ముగ్గురి మొగుళ్ళు వద్దన్నారు. మా ఆయన మాత్రం పొమ్మన్నాడు. అది ప్రేమ అని పొరపడకండి.

వాగు పక్కన మాకు రెండెకరాలు ఉంది. మూడేళ్ళుగా అందులో పత్తి మోకాలు దాటడం లేదు, ఆకు పసుపు తిరిగి రాలిపోతోంది. ఇటుక బట్టీ నడిపే ఒకాయన వచ్చి, ఆ రెండెకరాల్లో నడుము లోతు మట్టి తవ్వుకుంటానని అడిగాడు. మా ఆయన తల ఊపినంత పని చేశాడు. నేను అడ్డం పడ్డాను. మట్టి తవ్వుకుపోయాక అది చేను కాదు, గుంట. ఇంట్లో పది రోజులు లొల్లి నడిచింది. అంతలో కాలేజీ వాళ్ళ కబురు: వచ్చేవాళ్ళు తమ చేని మట్టి కిలో తెస్తే పరీక్ష చేసి కాగితం ఇస్తారట.

"గా కాలేజోళ్లు మట్టి మంచిదంటె ఇత్తులు పెడదం. మంచిది కాదంటె బట్టీకిద్దం. మల్ల నువ్వు నోరు తెరవద్దు," అన్నాడు మా ఆయన.

"నువ్వు గూడ తెరవద్దు మరి," అన్నాను. ఒప్పందం కుదిరింది.

మట్టికి సింగారం

చేనులో నాలుగైదు చోట్ల జానెడు లోతు తవ్వి, అంతా కలిపి, అందులోంచి కిలో తెమ్మన్నారు. అలాగే చేశాను. ఇంటికి తెచ్చి చేటలో పోస్తే చూడబుద్ధి కాలేదు. రాళ్ళు, ఎండిన పత్తి వేళ్ళు, పెంకుల్లాంటి గడ్డలు. నాలుగూళ్ళ ఆడవాళ్ళ ముందు, చదువుకున్న మేడముల ముందు దీన్ని విప్పాలా? బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరాను. జల్లెడ పట్టాను. అప్పటికీ పాలిపోయినట్టు కనిపించింది. పెరట్లో పెంటకుప్ప అడుగు నుంచి బాగా మాగిన ఎరువు రెండు దోసిళ్ళు కలిపాను. మట్టి మొహం నల్లగా, కళగా వచ్చింది. కొత్త జాకెట్టు గుడ్డలో మూట కట్టాను.

నాకు యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. మా కోడలు ఆదిలాబాద్ వైపు పిల్ల, తెలుగులో చదువుకుంది. కందులు చెరిగే చేటలోనే పిండి పరిచి వేలితో దిద్దించింది. ఆ గర్వంతో చీటీ మీద నా పేరు తెలుగులో రాసి మూటకు కట్టాను. చంద్రపూర్ కాలేజీలో దాన్ని చదివేవాళ్ళు ఉండరని నాకు తట్టలేదు.

వార్ధా వంతెన మీద

మా రాష్ట్రంలో ఆడవాళ్ళకు బస్సులో సగం టికెట్టు. వాగు అవతల తెలంగాణ ఆడవాళ్ళకు మొత్తం ఉచితం. సరిహద్దు గీసినాయన మా ఊరిదాకా రాకుండా వాగు దగ్గరే ఎందుకు ఆగాడో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

రాజురాలో బస్సు మారాను. పక్క సీటులో ఒక ముసలమ్మ కూర్చుంది. మూట కింద పెడితే ఎవరైనా తొక్కుతారని ఒళ్ళోనే పెట్టుకున్నాను. ఆమె కొత్త గుడ్డను చూసింది, నా మొహం చూసింది, నా చేయి పట్టుకుంది.

"ఎవలు బిడ్డా? పెనిమిటా?"

"కాదవ్వా. పెనిమిటి ఇంట్ల చాయ్ తాగుతుండు. ఇది మా చేన్ల మట్టి."

ఆమె కళ్ళు తడిశాయి. "దుఃఖం ఎక్కువైతే గిట్లనే మాట్లాడుతరు," అని ముందు సీటు ఆమెకు మరాఠీలో చెప్పింది. ఆమె కండక్టరుకు చెప్పింది. వార్ధా నది వంతెన వచ్చేసరికి బస్సంతా నా వైపే చూస్తోంది. డ్రైవరు బండిని నెమ్మది చేశాడు. ముసలమ్మ నడుముకు దోపుకున్న సంచిలోంచి రూపాయి బిళ్ళ తీసి, నా మూటకు తాకించి, కళ్ళకద్దుకుని కిటికీలోంచి నీళ్ళలోకి విసిరింది.

"నువ్వు ఎయ్యవా బిడ్డా అస్తికలు?"

"కాలేజీల ఇయ్యాలె," అన్నాను.

ఆ తర్వాత బల్లార్పూర్ దాకా ఆమె నా చేయి వదలలేదు. నాకు మతి చలించిందని ఆమెకు ఖాయమైపోయింది.

పై మంచం, కింద మంచం

హాస్టలు గదిలో ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు. నా గదిలో పడినవాళ్ళు రాజురా దగ్గరి పల్లె నుంచి వచ్చిన శేవంతాబాయి, ఆమె కోడలు కవిత. ఇద్దరూ మరాఠీ వాళ్ళు. వాళ్ళ మాటలు మీకోసం తెలుగులో రాస్తున్నాను.

మొదటి రోజు అసలు పాఠం మంచాల దగ్గరే మొదలైంది. అత్త తలకు పైన కోడలు పడుకోకూడదు, మర్యాద కాదు. పోనీ అత్త పైకెక్కుదామంటే మోకాళ్ళ నొప్పి. వార్డెనమ్మ వచ్చి ఇవి మంచాలు మాత్రమేనని నచ్చజెప్పింది. లాభం లేకపోయింది. ఇద్దరూ కింద బండల మీద చాప పరుచుకున్నారు. రెండు మంచాలు ఖాళీ. మా ఊళ్ళో అయితే కోడలు పైకెక్కి పడుకునేది, తెల్లారి అత్త ఊరంతా చెప్పుకునేది. ఎవరి పద్ధతి వాళ్ళది. నేను మాత్రం ఈ జన్మకు ఒకసారైనా అని నా వరుసలో పై మంచం ఎక్కాను. దిగడానికి కవిత, వార్డెనమ్మ, ఒక స్టూలు కావలసి వచ్చాయి.

గోడ మీద హాస్టలు నియమాలు రాసి ఉన్నాయి. వార్డెనమ్మ గట్టిగా చదివింది. ఏడు లోపల గేటు లోపలికి రావాలి. మగవాళ్ళను గదిలోకి తీసుకురాకూడదు.

"తీసుకొచ్చేదైతే ఇంట్లోనే ఉండేవాళ్ళం కదమ్మా," అంది శేవంతాబాయి.

పోహా, చపాతీ, పచ్చిపులుసు

పొద్దున పోహా పెట్టారు. మన అటుకుల ఉప్మాయే గాని, దాని మీద శనగల ఎర్రటి పులుసు, తర్రీ అంటారు, గరిటెతో పోస్తారు. మొదటి ముద్దకే ముక్కు కారింది. కాలేజీ గేటు బయట అదే పోహా ప్లేటు ముప్పై రూపాయలు. లోపల ఉచితం కాబట్టి మేము రెండుసార్లు తిన్నాం, ముక్కు రెండుసార్లు కారింది.

మధ్యాహ్నం చపాతీ, రాత్రి చపాతీ. రెండో రోజుకు అన్నం మీద బెంగ పుట్టి వంటగదిలోకి తొంగిచూశాను. వంటామె నా మొహం చూసి తెలుగులో పలకరించింది.

"అక్కా, తెలుగోళ్లా? చెప్పరేంది మరి. మరాఠీల మాట్లాడుకుంట సావవట్టిరి గద."

పేరు సరోజన. ఉండేది లాల్‌పేట్‌లో. తండ్రి బొగ్గు గనిలో పనికి కరీంనగర్ వైపు నుంచి వచ్చాడు. ఆమె పుట్టింది, పెరిగింది, పెళ్ళాడింది అంతా ఇక్కడే. తెలుగు గలగలా మాట్లాడుతుంది, ఒక్క అక్షరం చదవలేదు. చదివిందంతా మరాఠీ. ఆ పూట నాకోసం గిన్నెడు పచ్చిపులుసు కలిపింది. వార్డెనమ్మ వాసన చూసి ఇదేం మందు అని అడిగింది. శేవంతాబాయి ఒక గుక్క తాగి, "ఇంత పులుపు కడుపుతో ఉన్నవాళ్ళకు కదా," అని నన్ను పైనుంచి కిందికి చూసింది.

ఇక పాఠాలు. కంప్యూటర్ మీద వేలు పెట్టాం. రక్తం ఏ గ్రూపో చూశారు. ఒక వకీలమ్మ వచ్చి ఆస్తిలో ఆడపిల్లకు వాటా ఉందని చెప్పింది. అందరూ శ్రద్ధగా విన్నారు. తర్వాత ఎవరెవరు వాటా అడుగుతారని అడిగితే అందరికీ దాహం వేసింది.

మట్టి మేడం

నేను వచ్చిన అసలు పని మట్టి పరీక్ష. ఆ పాఠం చెప్పే మేడం చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు. ఊరు ఈ జిల్లాలోని భద్రావతి, తండ్రిది ఫ్యాక్టరీ కొలువు. మేమందరం ఆమెను మట్టి మేడం అనేవాళ్ళం. మొదటి రోజే మూటలన్నీ తీసుకుంది. నా చీటీ చదవలేక 'గుండ్రటి అక్షరాల మూట' అని పక్కన రాసుకుంది. మేము ఊరు తిరుగుతున్నా, సంతలో గాజులు బేరమాడుతున్నా ఆమె గాజు గొట్టాల ముందే ఉంది. కూలర్ లేని గది. ఆ ఎండలో ఆమె చున్నీతో చెమట తుడుచుకుంటూ రంగు నీళ్ళు చుక్కలు చుక్కలు పోస్తుంటే కిటికీలోంచి చూశాను.

మూడో రోజు కాగితాలు చదివింది. ఒకరికి సున్నం ఎక్కువ, ఒకరికి ఉప్పు ఎక్కువ. చివరికి, "గుండ్రటి అక్షరాలు ఎవరివి?" అంది. లేచి పేరు చెప్పాను. మరాఠీలో అక్కను తాయీ అంటారు.

"నర్సాతాయీ, ఇంత సత్తువ ఉన్న మట్టి ఈ జిల్లాలో నేను చూడలేదు. మీ చేను చూడటానికి మా విద్యార్థులను తీసుకొస్తాను."

అందరూ చప్పట్లు కొట్టారు. కాగితం నా చేతిలో పెట్టింది. మరాఠీలో ఉంది, కవిత చదివిపెట్టింది. అన్నీ 'ఉత్తమం'. నా మనసులో ఇటుక బట్టీ ఆయన తట్టా పారా సర్దుకుని వెళ్ళిపోతున్నాడు. ఎరువు సంగతి గుర్తుకు రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. రెండు దోసిళ్ళే కదా అనుకున్నాను.

లాల్‌పేట్‌లో పదకొండు క్యాలెండర్లు

ఆ సాయంత్రం సరోజన తన ఇంటికి రమ్మంది. ఆటో ఎక్కాం. రెండు గదుల ఇల్లు, గోడల నిండా క్యాలెండర్లు. లెక్కపెడితే పదకొండు. ఒక్కటీ ఈ ఏటిది కాదు.

"నీకు తెలుగు చదువొస్తది గదక్కా, గిది జూడు," అని తలుపు పక్కన వేలాడుతున్న పాత క్యాలెండర్ చూపించింది. తారీకుల గళ్ళలో పెన్సిలుతో తెలుగులో ఏవో రాతలు. "మా నాయిన రాసిండు. ఆయన పోయినంక చదివెటోళ్లు లేరు ఇంట్ల. మంచి మాటలేమన్న రాసిండొ ఏమొ."

కళ్ళజోడు సర్దుకుని చదివాను. "ఇయ్యాల జీతం. కల్లు." పక్క గడిలో, "చెప్పు తెగింది." ఆ పక్కన, "మల్ల తెగింది."

సరోజన కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "మా నాయినే. ఇగ అనుమానం లేదు."

మిగతా నెలలు చదవడానికి క్యాలెండర్‌ను మేకు నుంచి తీయబోయాను. ఆమె గబుక్కున నా చేయి పట్టుకుంది. అప్పటికే వెనకాల గోడ కనిపించింది. పైనుంచి కిందికి వేలు దూరేంత పగులు. నల్లరేగడి నేల కదా, ఎండకు అది నెర్రెలిస్తే గోడలూ పగులుతాయి.

"అన్నిటెనకా గివే," అంది సరోజన, క్యాలెండర్‌ను సరిగ్గా వేలాడదీస్తూ. "చుట్టాలు జూస్తె ఏమనుకుంటరు. మేస్త్రి గూడ వచ్చిండు మొన్న. క్యాలెండర్లు జూసి, గోడలు మంచిగున్నయని పోయిండు."

ఆమె నవ్వింది. నేను కూడా నవ్వాను. తిరుగు ఆటోలో నా 'ఉత్తమం' కాగితం తీసి, ఇంకో మడత పెట్టి సంచి అడుగుకు తోశాను.

పెళ్ళిచూపులు

నాలుగో రోజు మట్టి మేడం నన్ను బల్ల దగ్గరికి పిలిచింది. "ఈ మట్టికి మీరేం వేస్తారో అందరికీ చెప్పండి," అంది. నోటు పుస్తకాలు తెరుచుకున్నాయి. కవిత పెన్ను మూత తీసింది. ఈమెకు మూడెకరాల సోయా ఉంది, నేను చెప్పిందే వెళ్ళి వేస్తుంది.

చెప్పడం మొదలుపెట్టాను. ఆకులు, పేడ, అదీ ఇదీ అన్నాను. ఎకరానికి ఎంత అని కవిత అడిగింది. ఎకరానికి ఎంతో నాకేం తెలుసు, నాకు తెలిసింది కిలోకు ఎంతో.

"కిలోకు రెండు దోసిళ్ళు," అన్నాను.

మేడం అర్థం కానట్టు చూసింది. ఇక దాచలేదు. రాళ్ళు ఏరిన సంగతి, జల్లెడ, పెంటకుప్ప, అన్నీ చెప్పాను. అప్పుడు వెనక బల్ల నుంచి ఒకామె మెల్లగా, "నేను కాస్త బూడిదే కలిపాను," అంది. ఇంకొకామె, "మాది రాళ్ళ చేను, అందుకని మా తోటికోడలి చేనులోంచి తెచ్చాను," అంది. కవిత అత్త వైపు చూసింది. శేవంతాబాయి పైకప్పు చూస్తూ, "మాది తులసి కుండీలోది. పవిత్రంగా ఉంటుందని," అంది.

"మూడెకరాల సోయా చేనుకు తులసి కుండీ మట్టా అత్తయ్యా?" అంది కవిత. అత్త ముందు ఆ పిల్ల గొంతు లేవడం ఐదు రోజుల్లో అదొక్కసారే విన్నాను.

లెక్క తేలేసరికి చేనులో ఉన్న మట్టిని ఉన్నట్టు తెచ్చింది ఇద్దరే. వాళ్ళు కూడా తీరిక లేక.

మేడం స్టూలు మీద కూర్చుండిపోయింది. "మూడు రోజులు ఈ గదిలో ఉడికాను నేను. ఎందుకు చేశారు ఇలా?" మొదట బయటపెట్టినదాన్ని కాబట్టి, జవాబు నేనే చెప్పాల్సి వచ్చింది.

"మేడం, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ ముందు పిల్లను పొయ్యి దగ్గర నుంచి లేపి అట్లాగే కూర్చోబెడతామా? మొహం కడిగి, పౌడరు రాసి తెస్తాం. మట్టిని కూడా అట్లాగే తెచ్చాం."

"నేను మట్టికి డాక్టర్నండీ, పెళ్ళికొడుకు తల్లిని కాదు," అంది. అని, ఆమెకే నవ్వొచ్చింది. కానీ నా కాగితం తీసుకుని ఎర్ర పెన్నుతో అడ్డంగా రెండు గీతలు గీసింది. వారం లోపల అసలు మట్టి పంపితే మళ్ళీ పరీక్ష చేస్తానంది, ఆ తర్వాత ఆమె సెలవు మీద భద్రావతి వెళ్ళిపోతుంది. నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. పొద్దున దాకా రెండెకరాలు నా చేతిలో ఉంది. ఇప్పుడు నా చేతిలో ఎర్ర గీతలున్నాయి. ఐదో రోజు ఊరి కోట చూపించారు. ఏమి చూశానో అడగకండి.

ఎర్ర గీతల కాగితం

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో మంచం మీద ఇటుక బట్టీ ఆయన చాయ్ తాగుతున్నాడు. నా కాగితం కోసమే పిలిపించినట్టున్నాడు మా ఆయన. సంచి దించకముందే చెయ్యి చాపాడు. నాలుగో తరగతి దాకా మరాఠీ బడికి పోయినవాడు, కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"ఎర్ర గీతలేంది? మన మట్టి ఫెయిలయిందా?"

"మట్టి కాదు. నేను ఫెయిలయిన."

జరిగిందంతా చెప్పాను. బట్టీ ఆయన నవ్వితే చాయ్ లాల్చీ మీద ఒలికింది.

"ఎందుకత్తా గంత కష్టం. నన్నడిగితె నేనే చెప్తుంటి గద, గా చేన్ల పంట రాదని."

"గంత పాడు మట్టి నీకెందుకు బిడ్డా మరి?"

"ఇటుకకు పంటతోని పనేంది? జిగురుండాలె. మీ మట్టి పిసికితె లడ్డు లెక్క నిలుస్తది. నేను తిరగని ఊరు లేదత్తా, కోర్పనా నుంచి రాజురా దాక గసొంటి మట్టి ఒక్కల దగ్గర లేదు."

బేరం తెగుతుందనే ధీమాతో మెచ్చుకున్నాడు పాపం. ఆ చేనును ఎవరైనా మెచ్చుకోవడం మా ఆయన మూడేళ్ళలో వినలేదు. గోడకు ఆనుకున్నవాడు నిటారుగా కూర్చున్నాడు.

"ఒక్కల దగ్గర లేదా?"

"లేదు మామా. ఒట్టు."

"ఒక్కల దగ్గర లేని మట్టిని నేనెందుకు ఇయ్యాలె?"

బట్టీ ఆయన కప్పు కింద పెట్టాడు. అలా కాదు మామా, ఇలా మామా అని చాలాసేపు చెప్పాడు. మా ఆయన ఇక వినలేదు. "ముందుగాల అసలు మట్టి సంగతి తెలువనీ, మల్ల జూద్దం," అన్నాడు.

తెల్లారి ఇద్దరం చేనుకు పోయి తవ్వాం. రాళ్ళు రాళ్ళుగానే, వేళ్ళు వేళ్ళుగానే ఉంచాం. మూట ఆయనే తీసుకుపోయాడు, పూర్తి టికెట్టు పెట్టుకుని. ఆడపిల్లల కాలేజీ కదా, వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదట. గేటు దగ్గరే ఇచ్చి, ఆ అవమానం ఇప్పటికీ చెబుతుంటాడు.

వారానికి కాగితం వచ్చింది. 'ఉత్తమం' ఎక్కడా లేదు. నీళ్ళు నిలుస్తున్నాయి, జింకు తక్కువ, సత్తువ తక్కువ, వరసగా పత్తే వేస్తున్నారు. ఈ ఏడు పత్తి మానండి, నీళ్ళు పోయేలా కాలువ తీయండి, పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ చల్లి, పూతకు రాకముందే దున్ని కలిపేయండి, వచ్చే ఏడు చూద్దాం. కింద మేడం సంతకం. జబ్బే, చావు కాదు.

అందరూ పత్తి పెట్టారు. మేము జీలుగ చల్లాం. ఇది రాస్తున్న వారానికి అది నా నడుము దాటింది. ఒక ఏడు పంట పోగొట్టుకుని గడ్డి పెంచుతున్నామని ఊళ్ళో నవ్వుతున్నారు. బాట మీద పోయేవాళ్ళు ఏం పంట అని అడిగితే, కాలేజీ పంట అంటున్నాడు మా ఆయన. బట్టీ ఆయన కూడా ఆ దారిన పోతూ అప్పుడప్పుడు బండి ఆపుతాడు. మా ఆయన పిలిచి చాయ్ పోస్తాడు. మట్టి గురించి అడిగితే, ఇంకో కప్పు పోస్తాడు.